ఇసుకలో పడుకునే టేకక్క

ఒకప్పుడు టేకు చేప తోకకు ముల్లు ఉండేది కాదు. ఇసుకలో పడుకునేదీ కాదు. అసలు పడుకునేదే కాదు.

టేకు చేప చేటలా పల్చగా, వెడల్పుగా ఉంటుంది. వెనక కొరడాలాంటి తోక ఉంటుంది. పెద్ద టేకులు తెరచాపంత పెరిగి నడిసముద్రంలో తిరుగుతాయి. ఈ కథలోది చిన్న టేకు. అన్నం తినే పళ్ళెం కన్నా కాస్త పెద్దది, అంతే. ఒడ్డుకు దగ్గరగా, నీళ్ళు మోకాటి పైకి వచ్చే చోట, తెల్లటి ఇసుక మీద తేలుతూ ఉండేది. అక్కడి చేపలన్నీ దాన్ని టేకక్క అని పిలిచేవి.

ఆ చోట నీడ లేదు. బండ లేదు, నాచు లేదు. పైన ఎండ, కింద ఇసుక. ఆకాశంలో తిరిగే కొంగకు నీళ్ళలోని ప్రతి చేపపిల్లా కనిపించేది. అందుకని తల్లులు తమ పిల్లల్ని తెచ్చి టేకక్క కింద వదిలేవి. టేకక్క రెక్కలు రెండూ చాపి నీళ్ళలో నిలబడితే కింద ఇసుక మీద గుండ్రటి నీడ పడేది. పిల్లలు ఆ నీడలో ఆడుకునేవి. కొంగ పైనుంచి చూసి, ఏమీ కనబడక వెళ్ళిపోయేది.

మొదట తన పిల్లల్ని తెచ్చింది సందువా వదిన. వెండిలా మెరిసే చేప. ఒక్క పూట చూస్తే చాలు, మేత చూసుకుని వచ్చేస్తానంది. టేకక్క సరేనంది. ఆ తర్వాత వేలెడేసి ఉండే నెత్తళ్ళు తెచ్చాయి. ఆ తర్వాత రొయ్యలు తెచ్చాయి. పీత కూడా తన పిల్లల్ని అడ్డంగా నడిపించుకుంటూ తెచ్చి వదిలింది. ఎవరికీ కాదని చెప్పడం టేకక్కకు చేతకాలేదు.

నీళ్ళలో ఒకచోట నిలబడడం తేలికనుకుంటారు. కాదు. రెక్కలు ఆడిస్తూనే ఉండాలి. ఆపితే ఒళ్ళు కిందికి దిగిపోతుంది. కిందేమో ఊళ్ళో వాళ్ళ పిల్లలు. కునుకు ముంచుకొచ్చినా రెక్క ఆడాలి. ఒక రెక్క నొప్పెడితే రెండో రెక్క మీద బరువు వేసేది. అదీ నొప్పెడితే మళ్ళీ మొదటిదాని మీద వేసేది. పొద్దు వాలేసరికి కళ్ళు మండేవి.

మొదట్లో తల్లులు సాయంత్రం వచ్చి పిల్లల్ని తీసుకుపోయేవి. తర్వాత అదీ మానేశాయి. తెల్లారితే ఎలాగూ తీసుకురావాలి కదా, ఉండనిద్దాం అనుకున్నాయి.

ఒకసారి టేకక్క నోరు తెరిచి అడిగింది. తన బదులు ఎవరైనా కాసేపు నిలబడితే కన్ను మూస్తానంది. నెత్తళ్ళు తాము మరీ సన్నమన్నాయి. పీత తనకు నీళ్ళలో అలా తేలడం రాదంది. సందువా వదిన మాత్రం నవ్వింది.

"నీకేం పని టేకక్కా? మేం తిరగాలి, వెతకాలి, తరిమేవాళ్ళను తప్పించుకోవాలి. నువ్వు ఊరికే ఉండేదానివే కదా."

టేకక్క తను నిజంగానే ఊరికే ఉంటోందేమో అనుకుంది. ఊరికే ఉంటే ఇంత అలసట ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే అది గుడ్లు పెట్టింది. అప్పట్లో టేకులు కూడా మిగతా చేపల్లాగే గుడ్లు పెట్టేవి. ఇసుకలో చిన్న గుంట చేసి అందులో పెట్టుకుంది. అందరి పిల్లల మధ్యా తన గుడ్లు ఒక పక్కన ఉన్నాయి. వాటి మీదికి వంగి చూసుకుందామంటే తీరిక దొరికేది కాదు.

ఒక మధ్యాహ్నం నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. అల మెల్లగా ఊపుతోంది. పిల్లలు కూడా ఆడి ఆడి సద్దుమణిగాయి. టేకక్క కన్ను మూతపడింది. రెక్కలు ఆగాయి. ఒళ్ళంతా మెల్లగా దిగి, దిగి, పిల్లల మీద వాలింది.

పిల్లలు చటుక్కున చెదిరిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక రొయ్యపిల్ల మీసం వంగింది, అంతే. కానీ తల్లులన్నీ పరుగున వచ్చాయి. అంత నమ్మి అప్పగిస్తే చంపబోయావన్నాయి. రొయ్యపిల్ల తల్లి ఆ వంగిన మీసాన్ని అందరి దగ్గరికీ తీసుకెళ్ళి చూపించింది. తమ పిల్లల్ని తాము తీసుకుని వెళ్ళిపోయాయి. నువ్వు పడుకుని ఎన్నాళ్ళయిందని ఒక్కరూ అడగలేదు.

టేకక్కకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. తన గుడ్ల మీద ఇసుక కప్పి, గంగమ్మ తల్లి దగ్గరికి బయల్దేరింది.

గంగమ్మ సముద్రాన్ని ఏలే తల్లి. వెలుగు చేరని లోతులో కూర్చుని అలలు నడిపిస్తుంది. ఏం కావాలన్నా చేపలన్నీ ఆమె దగ్గరికే పోతాయి. సొరచేప వెళ్ళి పళ్ళు అడిగి తెచ్చుకుంది. సందువా వెళ్ళి మెరుపు అడిగి తెచ్చుకుంది. టేకక్క ఎప్పుడూ ఏమీ అడగలేదు. అదే మొదటిసారి.

అది వెళ్ళేసరికి గంగమ్మ రెండు చేతులతో అలలను ఒడ్డుకు తోస్తోంది, వెనక్కి లాగుతోంది. చేతులు ఆపకుండానే ఏం కావాలని అడిగింది.

"నిద్ర కావాలి తల్లీ," అంది టేకక్క.

గంగమ్మ చేతులు తడబడ్డాయి. పైన ఎక్కడో ఒక అల విరగబోయి ఆగి, మళ్ళీ కదిలింది.

"అదొక్కటి నన్ను అడక్కమ్మా. నేనే ఇంతవరకు కన్ను మూయలేదు. నా దగ్గర లేనిది నీకెలా ఇస్తాను?"

టేకక్క అప్పుడు ఆమె మొహం సరిగ్గా చూసింది. గంగమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాట బొంగురుగా ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇంత అలిసిన తల్లిని వచ్చి విసిగించానే అని టేకక్కకు సిగ్గేసింది. వెనక్కి తిరగబోయింది.

గంగమ్మ పోనివ్వలేదు. నిద్ర ఇవ్వలేను గాని పడుకునే చోటు ఇస్తానంది. ఒడ్డు దగ్గరి ఇసుకంతా నీకూ నీలాంటి చిన్న టేకులకూ దుప్పటి అంది. ఇసుక కప్పుకున్నా పైకి చూడ్డానికి వీలుగా, ఆ చెంపన ఒకటీ ఈ చెంపన ఒకటీ ఉన్న కళ్ళను తీసి నడినెత్తిన పెట్టింది.

"ఇంకొక్క మాట విను. నిద్రపోయేవాళ్ళలో ఏదో ఒకటి మెలకువగా ఉండాలి. నీ తోకకు ఒక ముల్లు పెడతాను."

టేకక్క వద్దంది. తన దగ్గరికి వచ్చేవాళ్ళంతా చిన్నపిల్లలేనంది. వాళ్ళకు గుచ్చుకుంటే ఎలాగంది. గంగమ్మ బలవంతపెట్టలేదు. ఆమెకు చేతినిండా అలలున్నాయి.

టేకక్క తిరిగి వచ్చి తన గుడ్ల పక్కనే ఇసుక మీద వాలింది. రెక్కల అంచులు రెండుసార్లు ఆడించింది. ఇసుక లేచి, వీపు మీద పల్చగా పరుచుకుంది. ఒంటి కింద నేల ఉంది. ఏదీ మోయక్కర్లేదు. ఏ రెక్కా ఆడించక్కర్లేదు. అలా ఉండొచ్చని ఇన్నాళ్ళూ తెలియదు. పైన కళ్ళు రెండూ కాసేపు ఆకాశం వైపు చూసి మూతపడ్డాయి.

ఆ ఒడ్డున జాలరి పల్లె ఉంది. ఆ పల్లెలో దేముడమ్మ అనే ఆవిడ ఉండేది. పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని పై ఊళ్ళకు వెళ్ళి అమ్మి వచ్చేది. వచ్చి వంట చేసేది. మంచాన పడ్డ అత్తకు తినిపించేది. మొగుడు కొర్లయ్య వల చిరిగితే కూర్చుని కుట్టేది. సముద్రం వెనక్కి తగ్గే వేళకు కూరకు గుల్లలు ఏరడానికి నీళ్ళలో దిగేది.

గుల్లలు ఇసుకలో దాక్కుని ఉంటాయి. కంటికి కనబడవు. మడమతో గట్టిగా తొక్కుకుంటూ పోవాలి. రాయిలా తగిలితే వంగి తవ్వి తీయాలి. దేముడమ్మ అలాగే తీసేది.

ఆ రోజు మబ్బు పట్టింది. ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. చూరు కారితే మంచం జరిపేవాళ్ళు లేరు. దేముడమ్మ తొందర తొందరగా తొక్కుకుంటూ వచ్చింది. ఒక అడుగు టేకక్క రెక్క అంచు మీద పడింది. తర్వాతి అడుగు గుడ్ల గుంటలో పడింది. ఏదో మెత్తగా తగిలింది. నాచనుకుని ఆవిడ ముందుకు వెళ్ళిపోయింది.

టేకక్క నొప్పికి లేచింది. లేచి గుంటవైపు చూసింది. రెండే గుడ్లు మిగిలాయి.

చాలాసేపు ఆ గుంట చుట్టూ తిరిగింది. ఎవరెవరి పిల్లలనో ఇన్నాళ్ళు రెక్క కింద దాచింది. తనవి దాచుకోలేకపోయింది. నిద్ర అడిగి ఉండకపోతే బతికేవేమో అనిపించింది. మళ్ళీ, నిద్రపోకపోతే తనే బతికేది కాదేమో అనిపించింది. ఏ ఆలోచనా చివరిదాకా సాగలేదు. మిగిలిన రెండు గుడ్లనూ నోట కరుచుకుని లోతుకు పోయింది.

గంగమ్మ ఆ రెండు గుడ్లనూ చూసింది. నేను ముందే చెప్పాను కదా అనలేదు. ఎవరని మాత్రం అడిగింది.

మనిషి అని చెప్పింది టేకక్క. ఆవిడ చూడలేదనీ, చూసి ఉంటే తొక్కేది కాదనీ కూడా చెప్పింది.

"వీటిని ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరి కాలు పడుతుంది," అంది గంగమ్మ. "నీ కడుపులోనే పెట్టుకో. ఈదడం వచ్చాకే బయటికి పంపు."

గంగమ్మే ఆ రెండు గుడ్లనూ టేకక్క కడుపులోకి చేర్చింది. తర్వాత ఒక చేత్తో అలలు తోస్తూనే రెండో చేత్తో కింద పడివున్న ఎముక ముక్క ఒకటి తీసింది. బండకేసి నూరింది. అంచులకు రంపంలా పళ్ళు కోసింది. చివరికి వేలితో తన కంటి కొసను తుడుచుకుని, ఆ తడిని ముల్లుకు రాసింది.

"ఇది నా నిద్రలేమి. ఎంతకాలందో నాకే తెలియదు. ఒక్క చుక్క చాలు. ఇది తగిలినవాళ్ళకు ఆ రాత్రి కన్ను మూతపడదు. కానీ గుర్తుంచుకో, నీ మీద కాలు వేసినవాళ్ళకే ఇది. తరిమి తరిమి గుచ్చడానికి కాదు."

"తరిమే ఓపిక నాకెక్కడిది తల్లీ," అంది టేకక్క.

ముల్లు పెట్టించుకుని వస్తుంటే దారిలో సందువా వదిన ఎదురైంది. ఆ తోకను దూరం నుంచే చూసి, నీకీ మధ్య కోపం ఎక్కువైందని విన్నానంది. టేకక్క తన దారిన వెళ్ళి పడుకుంది.

దేముడమ్మ మళ్ళీ గుల్లలకు వచ్చింది. ఎప్పటిలాగే మడమలతో గట్టిగా తొక్కుతూ వచ్చింది. టేకక్క గాఢ నిద్రలో ఉంది. వీపు మీద కాలు పడింది. తోక దానంతట అదే లేచి పాదంలో దిగింది.

దేముడమ్మ నీళ్ళలో కూలబడింది. గుల్లల గంప అలల్లో కొట్టుకుపోయింది. పక్కన వలలు లాగుతున్నవాళ్ళు వచ్చి ఇంటికి మోసుకుపోయారు. ముల్లు తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో పాదం పెట్టించారు. మంట కాలి నుంచి తొడ దాకా ఎక్కింది. అందరూ పడుకున్నాక కూడా ఆవిడ కళ్ళు తెరుచుకుని చూరు వైపే చూస్తూ ఉంది. అంత అలసటలోనూ కునుకు రాలేదు.

తర్వాత కూడా కాలు నేల మీద మోపలేకపోయింది. తట్ట నెత్తికెత్తలేదు. పై ఊళ్ళకు పోలేదు. కొర్లయ్యే వేటకు పోవడం మానేసి గంజి కాచి తల్లికి తాగించాడు. కుట్టే టేకుల్లో ఒక్కదాన్నీ వదలకూడదని పల్లెలో మగవాళ్ళంతా కూడబలుక్కున్నారు. ఈటెలు నూరుకున్నారు. ఒడ్డు పొడుగునా ఇసుకంతా పొడుచుకుంటూ పోదామనుకున్నారు.

దేముడమ్మ వాళ్ళకంటే ముందు తను వెళ్తానంది. నన్ను కుట్టినదాన్ని నేను చూడాలంది. కొర్లయ్య చేతిలోని ఈటె తీసుకుని, దాన్నే ఊతకర్రగా పట్టుకుని నీళ్ళలో దిగింది. పాదం ఇంకా పైకి లేవడం లేదు. ఇసుకలో ఈడ్చుకుంటూ నడిచింది.

ఆ ఈడుపుకు అడుగున ఇసుక కదిలింది. ఆ కదలిక ముందుకు పాకి టేకక్క పొట్టకు తగిలింది. టేకక్కకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ ఇంకా దూరంలోనే ఉంది. చేతిలో ఈటె ఉంది.

పారిపోవచ్చు. కానీ కడుపులో పిల్లలు బరువుగా ఉన్నాయి. ఎంత దూరమని పోవాలి? పోయినచోట మాత్రం ఎవరి కాలూ పడదా? టేకక్క ఇసుక దులుపుకుని పైకి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

దేముడమ్మ ఈటె ఎత్తింది.

"నువ్వేనేటి నన్ను కుట్టింది?"

"నేనే. నిద్రలో ఉన్నాను."

"నిద్రలో ఉన్నదానివి కుడతావేటి?"

"నిద్రలో ఉన్నదాన్ని తొక్కావు," అంది టేకక్క. "అంతకు ముందు మబ్బు పట్టిన రోజున నా గుడ్ల మీద నడిచావు. కాలికి మెత్తగా తగిలింది, గుర్తు లేదా?"

దేముడమ్మకు గుర్తొచ్చింది. ఆ మెత్తదనం మళ్ళీ పాదానికి తగిలినట్టయింది. చెయ్యి దిగింది. ఈటె మొన నీళ్ళలో మునిగింది.

"నాచనుకున్నానమ్మా," అంది. "నాచే అనుకున్నాను."

కాలు నిలబడనివ్వక అక్కడే నీళ్ళలో కూర్చుంది. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. మిగిలిన గుడ్లు ఏమయ్యాయని అడిగింది. కడుపులో ఉన్నాయని టేకక్క చెప్పింది. తన సంగతి కూడా చెప్పింది. రెక్కల కింద పెరిగిన పిల్లల గురించి, ఊరికే ఉండేదానివే కదా అన్న మాట గురించి చెప్పింది. ఆ మాట దగ్గర దేముడమ్మ తల ఊపింది. తన అత్త మంచం గురించి, చూరు గురించి, పొద్దుటి తట్ట గురించి చెప్పుకొచ్చింది. ఆ రోజు ఎందుకంత తొందరగా నడిచిందో చెప్పింది. ఇద్దరూ ఒకరినొకరు క్షమించమని అడగలేదు.

"వాళ్ళు ఈటెలు పట్టుకుని ఒడ్డు మీద ఉన్నారు," అంది దేముడమ్మ చివరికి. "నేనేం చెప్పను వాళ్ళకి?"

టేకక్క ఆలోచించింది.

"ఇవాళ నువ్వు వస్తుంటే నాకు ముందే తెలిసిపోయింది. కాలు ఈడ్చుకుంటూ వచ్చావు. ఇసుక కదిలి నన్ను లేపింది. అడుగు ఎత్తి వేస్తే తెలియదు, నెత్తి మీద పడేదాకా తెలియదు. మీవాళ్ళను ఇలాగే నడవమను. నేను లేచి పక్కకు పోతాను. మావాళ్ళకూ చెబుతాను. నాకు కుట్టాలని లేదు. పడుకోవాలని ఉంది."

దేముడమ్మ అలిసిపోయిన నవ్వు ఒకటి నవ్వింది.

"కాళ్ళు ఈడ్చడం మాకేం కష్టం తల్లీ. పొద్దు వాలేసరికి మా కాళ్ళు ఎలాగూ లేవవు."

ఒడ్డు మీద మగవాళ్ళు ఆవిడ చెప్పింది వెంటనే నమ్మలేదు. ముల్లున్నదాని మాట ఎలా నమ్ముతామన్నారు. దేముడమ్మ వాదించలేదు. తన వెనకాల కొంచెం దూరం నడవమంది, ఆ తర్వాత మీ ఇష్టమంది. మళ్ళీ నీళ్ళలో దిగింది. కొర్లయ్య ఈటె లేకుండా ఆవిడ పక్కనే దిగాడు. అతను కూడా ఆవిడలాగే పాదాలు ఇసుకకు ఆనించి ఈడ్చుకుంటూ నడిచాడు. మిగతావాళ్ళు వెనక వచ్చారు.

వాళ్ళ ముందు ఇసుక ఒకచోట పొగలా లేచింది. అందులోంచి ఒక టేకు లేచి, రెక్కలు ఆడించుకుంటూ పక్కకు తప్పుకుంది. ఇంకాస్త ముందు ఇంకొకటి లేచింది. ఆ పక్కన ఇంకొకటి. వాళ్ళంతా నడుం లోతు దాకా వెళ్ళి తిరిగి వచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. దారిలో దేముడమ్మ కాలివేళ్ళకు గుల్లలు కూడా తగిలాయి. వంగి తీసి కొంగులో వేసుకుంది.

మగవాళ్ళు ఒక్కొక్కరే ఈటెలు భుజానికెత్తుకుని ఇళ్ళకు పోయారు. టేకక్క వాళ్ళు పోయేదాకా ఆగి, తన చోటుకు వచ్చి వాలింది. వీపు మీదికి ఇసుక జల్లుకుంది. కడుపులో రెండు పిల్లలు ఒకసారి కదిలి సర్దుకున్నాయి. పిల్లలకూ తనకూ కలిపి ఒకటే నిద్ర పట్టింది.

అప్పటినుంచే చిన్న టేకు చేప ఒడ్డు దగ్గర ఇసుక కప్పుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి పడుకుంటుంది. అప్పటినుంచే దాని తోకకు ముల్లు, ముల్లులో విషం. ఎవరినీ వెంటపడి కుట్టదు, తొక్కితేనే కుడుతుంది. కుట్టించుకున్నవాళ్ళకు ఆ రాత్రి నిద్ర ఉండదు. అప్పటినుంచే అది గుడ్లను ఇసుకలో పెట్టదు. కడుపులోనే పిల్లల్ని చేసి, ఈదడం వచ్చాక బయటికి వదులుతుంది.

అప్పటినుంచే ఆ ఒడ్డున నీళ్ళలో దిగేవాళ్ళు పాదం ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తారు. వాళ్ళ ముందు ఇసుక పొగలా లేస్తుంది. టేకక్క లేచి, కాస్త పక్కకు జరిగి, మళ్ళీ పడుకుంటుంది.